ధ్రువరాత్రిలో పండుగ

పండుగ నాటికి ఇల్లు చేరుకోవాలని కోరుకోని వారుండరు. ఉద్యోగరీత్యా దూరదేశంలో చిక్కుకున్నవారు కూడా ఆనాడు తలంటి పోసుకొని, ఉన్నంతలో ఏదో ఒక పిండివంట చేసుకొని, ఇంటిదిక్కు తలచుకుంటారు. అట్టివారికి సైతం ఒక ఆధారం ఉంటుంది. తెల్లవారితే సూర్యుడు ఉదయిస్తాడు. దినం గడిచిందని తెలుస్తుంది. ఎక్కడ ఉన్నా సంక్రాంతి సంక్రాంతే. ఆ ఆధారం కూడా లేనిచోట, రెండు నెలలుగా సూర్యోదయమే ఎరుగనిచోట, ఇంటికి ఒక్క మాట చేరవేసే మార్గం లేనిచోట, పదముగ్గురు మనుష్యులు ఒకప్పుడు పండుగ చేసుకున్నారు. ఎలా చేసుకున్నారు, ఎందుకు చేసుకున్నారు అనేదే ఈ ప్రసంగంలో మనం విచారించే విషయం.

అది 1893 డిసెంబరు 24. స్థలం ఉత్తర ధ్రువ సముద్రం. సైబీరియాకు ఉత్తరంగా, మంచులో గడ్డకట్టుకొని నిలిచిన ఒక కొయ్య ఓడ. దాని పేరు 'ఫ్రామ్‌'. నార్వే భాషలో ఆ మాటకు 'ముందుకు' అని అర్థం. ఆ యాత్రకు నాయకుడు ఫ్రిట్యోఫ్‌ నాన్సెన్‌. ఓడకు కప్తాను ఆటో స్వెర్‌డ్రుప్‌.

ఓడ మంచులో చిక్కుకోవడం ప్రమాదవశాన జరిగినది కాదు. కోరి తెచ్చుకున్నది. దీనికి కొంత పూర్వకథ ఉన్నది. 'జానెట్‌' అనే అమెరికా ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచు ఒత్తిడికి నలిగి మునిగిపోయింది. మూడు సంవత్సరాల తరువాత ఆ ఓడకు సంబంధించిన వస్తువులు కొన్ని గ్రీన్లాండు నైరుతి తీరానికి కొట్టుకువచ్చాయి. ఆ వార్తను చూసిన నార్వే వాతావరణ శాస్త్రజ్ఞుడు మోన్‌, ధ్రువ సముద్రం మీదుగా ఒక ప్రవాహం తూర్పు నుండి పడమరకు సాగుతూ ఉండాలని ఊహించాడు. నాన్సెన్‌ ఆ ఊహను మరొక అడుగు ముందుకు నడిపాడు. కొయ్యముక్కలను మోసుకువచ్చిన మంచు ఒక ఓడను మాత్రం ఎందుకు మోసుకురాదు? మంచుకు ఎదురు నిలిచి పోరాడే ఓడ కాదు, మంచుతోపాటు సాగిపోయే ఓడ కావాలి.

ఈ ఆలోచన విని అనుభవజ్ఞులు తల అడ్డంగా ఊపారు. ఆర్కిటిక్‌ యాత్రలో ఘోరవిపత్తును చవిచూసి బ్రతికి వచ్చిన అమెరికా సేనాని గ్రీలీ దీనిని ఆత్మవినాశన ప్రయత్నంగా వర్ణించాడు. అయినా కోలిన్‌ ఆర్చర్‌ అనే నౌకానిర్మాత ఓడను కట్టాడు. మంచు నొక్కినకొద్దీ పట్టు దొరకక ఓడ పైకి జారిపోయేటట్లు దాని అడుగుభాగాన్ని గుండ్రంగా మలచాడు. గోడలకు ఉన్ని, బెండు, రెయిన్‌డీరు వెంట్రుకలు పొరలు పొరలుగా పరచి లోపలి వెచ్చదనం బయటికి పోకుండా చేశాడు. పదముగ్గురికి అయిదు సంవత్సరాలకు సరిపడే ఆహారం ఎక్కించారు. 1893 జూన్‌ 24న ఓడ క్రిస్టియానియా నగరం విడిచింది. నేటి ఆస్లో నగరానికి అప్పటి పేరు అది. సెప్టెంబరు ఆఖరుకు 78 డిగ్రీల 50 నిమిషాల అక్షాంశం వద్ద మంచు దానిని పట్టుకున్నది. అక్టోబరు చివర సూర్యుడు అస్తమించాడు. మరల ఫిబ్రవరి వరకు ఉదయించే మాట లేదు.

ఇక మొదటి క్రిస్మస్‌ నాటి పరిస్థితి చూద్దాం. ఉష్ణోగ్రత సున్నకు దిగువ 37 సెంటిగ్రేడు డిగ్రీలు. వెన్నెల వెలుగు, అంతులేని నిశ్శబ్దం. పండుగ ముందునాటి సాయంత్రం నాన్సెన్‌ ఒంటరిగా మంచుమీద కొంతదూరం నడిచాడు. ఆనాటి పరిశీలన ప్రకారం ఓడ ఉన్న తావు 79 డిగ్రీల 11 నిమిషాలు. ఆరు రోజుల క్రితం ఉన్నచోటికంటె రెండు నిమిషాలు దక్షిణంగా! మంచు పట్టి మూడు నెలలు గడిచినా ఉత్తరానికి సాగింది మూడవ వంతు డిగ్రీ మాత్రమే. నడుమ నవంబరులో అయితే 78 డిగ్రీలకు దిగువకే వెనుకకు జరిగింది. దేశమంతా నమ్మి పంపిన సిద్ధాంతం తప్పయితే? అయిదేళ్ళ ఆహారం అయిపోయే నాటికి ఓడ ఇక్కడిక్కడే తిరుగాడుతూ ఉంటే? తలుపు తీసుకొని లోపలికి వచ్చేముందు ఆ నాయకుని మనస్సులో ఈ ప్రశ్నలు లేవని అనుకోలేము.

లోపల మాత్రం పండుగ. సలూను అనే ఒకే గదిలో ఒకే బల్ల చుట్టూ అందరూ కూర్చునేవారు. నాయకునికి ఒక వంట, నావికునికి మరొక వంట అన్న భేదం ఆ ఓడలో లేదు. డెక్కు మీద నిలిపిన గాలిమర తిరిగినప్పుడు విద్యుద్దీపం వెలిగేది. ఒక ఆర్గన్‌ వాద్యం, ఒక అకార్డియన్‌, మంచి గ్రంథాలయం ఉన్నాయి. ఆ సాయంత్రం రెండు పెట్టెలు తెరిచారు. ఒకటి వాతావరణ పరిశీలనలు చేసే స్కాట్‌ హాన్సెన్‌ తల్లి పంపినది. రెండవది అతనికి కాబోయే భార్య పంపినది. ఆరు నెలల క్రితమే పండుగను తలచుకొని, పదముగ్గురిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక కానుక సర్ది ఉంచారు వారు. ఒకరికి పొగగొట్టం, మరొకరికి చాకు. వస్తువులు చిన్నవే. కాని ఆ క్షణాన అవి ఇంటినుండి వచ్చిన పలకరింపులు.

మరునాటి విందులో వంటకాలు ఏమిటో నాన్సెన్‌ తన గ్రంథంలో వరుసగా వ్రాసి ఉంచాడు. ఎద్దుతోక పులుసు, వెన్నతో, బంగాళాదుంపలతో చేపల పుడ్డింగు, బఠాణీలు, చిక్కుళ్ళు, పండ్ల జాము నంజుకొనడానికి పెట్టి వేయించిన రెయిన్‌డీరు మాంసం, మీగడతో క్లౌడ్‌బెర్రీ పండ్లు, చివరకు కేకు, బాదంపప్పు మిఠాయి. మిఠాయి స్వదేశంలోని ఒక రొట్టెల వర్తకుడు బహూకరించినది. తిన్నవారందరూ ఆ మహానుభావుని దీవించారట. రాత్రి భోజనానికి ఎవరికీ ఆకలి మిగలలేదు. ధ్రువరాత్రి భీకరత్వానికి మనుష్యులను రాటుదేల్చే భోజనం ఇదేనా అని నాన్సెన్‌ తననుతాను ఎకసక్కెం చేసుకున్నాడు. ఇంటివద్దవారు మమ్మల్ని తలచుకొని జాలిపడుతూ ఉంటారు, ఈ సంబరం కంటబడితే ఆ జాలి కాస్తా చల్లారుతుంది అని కూడ వ్రాసుకున్నాడు.

ఈ సంబరాన్ని విలాసమని కొట్టివేయవచ్చునా? సైన్సు పేరు చెప్పి బయలుదేరినవారు మిఠాయిలు తింటూ కూర్చున్నారని ఆక్షేపించవచ్చునా? నాన్సెన్‌కు కూడా ఆ శంక కలిగింది. యాత్రలకు శోభ తెచ్చే కష్టాలేవీ మాకు లేవు, సిగ్గుగా ఉన్నది అనే ధోరణిలో ఒకచోట వ్రాశాడు. కాని ఈ ప్రశ్నకు సమాధానం ఆయన మాటలలోకంటె ఇతర యాత్రల చరిత్రలో ఎక్కువ స్పష్టంగా దొరుకుతుంది.

గ్రీలీ నాయకత్వాన 1881లో ఆర్కిటిక్‌కు వెళ్ళిన బృందంలో 25 మంది ఉండేవారు. సహాయనౌకలు సకాలంలో చేరలేదు. ఆకలి, చలి, క్రమశిక్షణ సడలడం ఒకటి వెంట ఒకటి వచ్చాయి. కడకు ప్రాణాలతో మిగిలినవారు ఆరుగురు. అంటార్కిటికా మంచులో 1898లో తొలిసారిగా చలికాలం గడిపిన 'బెల్జికా' నౌక కథ కూడా ఇట్టిదే. చాలినన్ని చలిబట్టలు లేవు. చీకటిలో స్కర్వీ వ్యాధి ప్రవేశించింది. ఒక అధికారి మరణించాడు. కొందరికి మతి చలించింది. తాజా పెంగ్విన్‌, సీల్‌ మాంసం తినవలసిందేనని వైద్యుడు కుక్‌ పట్టుబట్టకపోతే మరెందరు పోయేవారో చెప్పలేము. ఆ ఓడలో మేటుగా ఉన్న యువకుడు ఆముండ్సెన్‌ ఈ పాఠాన్ని మరచిపోలేదు; తరువాత దక్షిణ ధ్రువానికి మొదట చేరినవాడు ఆయనే. ఆయన ఆ యాత్రకు వెళ్ళిన ఓడ కూడా ఈ 'ఫ్రామే'.

అంటే ధ్రువరాత్రిలో శత్రువు చలి ఒక్కటే కాదు. చీకటి, విసుగు, ఒకే ముఖాలు, రేపటికీ నేటికీ తేడా లేకపోవడం, ఇవన్నీ శత్రువులే. 'ఫ్రామ్‌' మీద పండుగలు ఈ శత్రువుల మీద పన్నిన వ్యూహంలో భాగం. పుట్టినరోజులు, జాతీయ దినం, ఓడ నీటిలోకి దిగిన అక్టోబరు 26, అన్నీ పండుగలే. పండుగకూ పండుగకూ నడుమ కాలాన్ని వారు మెట్లుగా విభజించుకున్నారు. ఆ మొదటి చలికాలంలో ఓడ వైద్యుడు బ్లెస్సింగ్‌కు రోగులే లేకపోయారు. తీరిక దొరికిన వైద్యుడు 'ఫ్రామ్‌షో' అనే పత్రికకు సంపాదకుడయ్యాడు! విందులో తీపిగా వడ్డించిన క్లౌడ్‌బెర్రీ పండ్లను స్కర్వీకి విరుగుడని నార్వే ప్రజలు అనుభవం చేత ఏనాటినుండో ఎరుగుదురు. ఆ గుణానికి కారణమైన విటమిన్‌ 'సి'ని శాస్త్రజ్ఞులు గుర్తుపట్టింది 1930 ప్రాంతాలలో.

నార్వేవారు క్రిస్మస్‌ను 'యూల్‌' అంటారు. క్రైస్తవం ఆ దేశానికి చేరకముందు నుండి ఉన్న చలికాలపు పండుగ పేరు అది. రాత్రి పెరగడం ఆగి పగలు పెరగడం మొదలుపెట్టే అయనసంధిలో వచ్చే పండుగ. మన సంక్రాంతి ఉత్తరాయణ పుణ్యకాలమైనట్లే, సూర్యుడు మరలివస్తాడన్న ఆశ దీనికీ మూలం. ఆ ఆశ నాలుగు నెలల చీకటిలో ఉన్నవారికి ఎంత నిజమో మనం ఊహించుకోవలసిందే. 1894 ఫిబ్రవరి 16న దిగంతాన ఎర్రని నిప్పుగీతవంటి సూర్యప్రతిబింబం కనిపించింది. అది వాతావరణంలో కిరణాలు వంగినందువల్ల కలిగిన భ్రాంతిరూపం. అసలు సూర్యుడు 20వ తేదీన రావాలి. ఆనాడు సూర్యోత్సవానికి అంతా సిద్ధం చేసుకున్నారు. తీరా చూస్తే దిగంతాన మబ్బు! సూర్యుడు రాలేదని పండుగ మానలేదు. ఆయన నిజంగా కనిపించిన నాడు మరొకసారి చేసుకోవచ్చునని తీర్మానించి ఉత్సవం జరుపుకున్నారు.

ఇందులో హాస్యం ఉన్నా, గంభీరమైన విషయం కూడా ఉన్నది. సూర్యుడు చెప్పకపోయినా ఆనాటి తేదీ వారికి తెలుసు. తేదీని నిలబెట్టుకోవడమే ఆ ఓడలో ప్రధానమైన పని. వాతావరణ పరిశీలనలు నాలుగు గంటలకు ఒకసారి జరిగేవి. గాలి వేగం, దిశ, ఒత్తిడి, ఉష్ణోగ్రత పుస్తకంలోకి ఎక్కవలసిందే. నక్షత్రాలను చూసి ఓడ ఉన్న తావు కట్టవలసిందే. ఆనాటి తేదీ, ఆనాటి ఘడియ పక్కన లేకపోతే ఆ అంకెలకు విలువ లేదు. పండుగను, పరిశోధనను నిలబెట్టిన క్రమం ఒక్కటే.

ఆ క్రమం ఫలించింది. ధ్రువ సముద్రం లోతు తక్కువైనదని ఆనాటి నమ్మకం. వెంట తెచ్చిన తాడు అడుగు అందక, ఓడలోని ఉక్కుతాళ్ళలో ఒకదానిని విప్పి, దాని పేటలతో 4,000 మీటర్లకు మించిన తాడు పేనవలసివచ్చింది. ఆ పని మంచుమీద, ఎముకలు కొరికే చలిలో జరిగింది. అడుగు 3,000 మీటర్లకు దిగువన తగిలింది. పై చల్లని పొర క్రింద అట్లాంటిక్‌ నుండి వచ్చిన వెచ్చని నీటిపొర ఉన్నదని తేలింది. మంచు గాలి వీచే దిక్కుకు తిన్నగా పోక, కుడివైపుకు 20 నుండి 40 డిగ్రీలు ఒరిగి పోతున్నదని నాన్సెన్‌ గమనించాడు. భూభ్రమణమే దీనికి కారణమని భావించి, లెక్క కట్టే పని ఎక్మన్‌ అనే యువశాస్త్రజ్ఞునికి అప్పగించేటట్లు చేశాడు. సముద్ర ప్రవాహశాస్త్రంలో నేటికీ విద్యార్థులు చదివే ఎక్మన్‌ సిద్ధాంతానికి మూలం అదే.

రెండవ క్రిస్మస్‌ 1894లో వచ్చింది. ఈసారి ఓడ 83 డిగ్రీల ప్రాంతంలో ఉన్నది. క్లౌడ్‌బెర్రీ రసంతో ఓడలోనే ఒక పానీయం తయారుచేసి దానికి 83వ డిగ్రీ షాంపేను అని వేళాకోళంగా పేరు పెట్టారు. కొద్దిరోజుల తేడాతోనే 83 డిగ్రీల 24 నిమిషాల రేఖను ఓడ దాటింది. అంతవరకు మానవుడు చేరిన ఉత్తరపు హద్దు అది. దానిని 1882లో చేరినవాడు గ్రీలీ బృందంలోని లాక్‌వుడ్‌. ఆ యువకుడు 1884 ఏప్రిల్‌లో ఆకలితో మరణించాడు. అతడు స్లెడ్జి వెంట నడిచి గెలిచిన రేఖను వీరు వెచ్చని గదిలో విందు చేసుకుంటూ దాటిపోయారు. పూర్వుల కష్టాన్ని చదివి, దానికి విరుగుడు సమకూర్చుకున్నవారికి దక్కిన ఫలం ఇది. అయితే ఆ విందులో వీడ్కోలు నీడ కూడా పడి ఉన్నది. ఓడ ధ్రువాన్ని తాకదని తేలిపోయినందున, వసంతంలో తాను యాల్మార్‌ యోహాన్సెన్‌ అనే సహచరునితో మంచుమీద బయలుదేరుతానని నాన్సెన్‌ అప్పటికే ప్రకటించాడు. 1895 మార్చి 14న వారిద్దరూ ఓడను విడిచారు. ఏప్రిల్‌లో 86 డిగ్రీల 14 నిమిషాల వరకు వెళ్ళి వెనుకకు మళ్ళారు.

మరలిన కొద్దిరోజులకే వారికి ఒక విపత్తు సంభవించింది. సుదీర్ఘమైన నడక తరువాత చూసుకుంటే గడియారాలు రెండూ ఆగిపోయి ఉన్నాయి. కీ ఇవ్వడం మరచిపోయారు. చూడడానికి చిన్న విషయమే. కాని రేఖాంశం కట్టడానికి సరియైన కాలం తెలియాలి. నాలుగు నిమిషాల పొరపాటు ఒక డిగ్రీ పొరపాటు అవుతుంది. కాలం పోగొట్టుకున్నవాడు స్థలం కూడా పోగొట్టుకుంటాడు. తాము చేరిన దీవులు ఏవో వారికి నెలల తరబడి నిశ్చయంగా తెలియలేదు.

మూడవ క్రిస్మస్‌ 1895లో రెండుచోట్ల జరిగింది. 85 డిగ్రీల ప్రాంతంలో ఓడమీద పదకొండుగురు. ఫ్రాంజ్‌ జోసెఫ్‌ దీవులలో రాళ్ళతో కట్టి వాల్రస్‌ చర్మాలు కప్పిన గుడిసెలో ఇద్దరు. ఒకరు బ్రతికి ఉన్న సంగతి మరొకరికి తెలియదు. గుడిసెలో నిత్యభోజనం ఎలుగుబంటి మాంసం, దీపానికి వాల్రస్‌ కొవ్వు. పండుగ కనుక దాచుకున్న పిండిలో కొంత తీసి కొవ్వులో వేయించి తిన్నారు. కొత్తబట్టలు ఎక్కడివి? యోహాన్సెన్‌ తన చొక్కాను తిరగవేసి తొడుక్కున్నాడు. నాన్సెన్‌ లోపలి బట్టలు మార్చి, పావు గిన్నె వెచ్చని నీటితో ఒళ్ళు తుడుచుకున్నాడు. అదే అభ్యంగనం. ఆ రాత్రి ఆయన మనస్సు దీపం వెలుగులో కుట్టుపని చేసుకునే భార్య మీదికి, పక్కన ఆడుకునే చిన్నారి కూతురి మీదికి పోయింది. ఓడ ఎక్కేనాటికి ఆ బిడ్డ అయిదారు నెలల పసికందు. నాన్సెన్‌ జీవితచరిత్రలలో మరొక ముచ్చట కనిపిస్తుంది. అంతవరకు ఒకరినొకరు 'మీరు' అని మన్నించుకుంటూ వచ్చిన ఆ ఇద్దరు, ఆ సంవత్సరాంతపు రాత్రి ఇకమీదట 'నువ్వు' అనుకుందామని ఒప్పుకున్నారట. ఒకే సంచిలో నెలల తరబడి నిద్రించినవారికి ఆ చనువు చేతికి రావడానికి పండుగ దినం కావలసివచ్చింది!

1896 జూన్‌లో వారికి అనుకోకుండా జాక్సన్‌ అనే ఇంగ్లీషు యాత్రికుడు తటస్థపడ్డాడు. ఆగస్టు 13న నాన్సెన్‌ నార్వే తీరంలోని వార్డో రేవులో దిగాడు. చిత్రమేమంటే 'ఫ్రామ్‌' మంచు కోరలనుండి విడివడినది కూడా ఆనాడే. వారం తిరిగేసరికి ట్రోమ్‌సో రేవులో పదముగ్గురూ కలుసుకున్నారు. ఒక్కరూ తగ్గలేదు.

రేడియోలో పనిచేసే మాకు ఈ చరిత్రలో అన్నిటికంటె మనస్సుకు తగిలేది అందులోని నిశ్శబ్దం. నిస్తంత్రీ వార్తావహనం అప్పటికి ఇంకా ప్రయోగశాలలు దాటలేదు. మూడు సంవత్సరాలు ఇంటినుండి ఒక్క పలుకు వినకుండా వారు పండుగలు చేసుకున్నారు. 1955 నుండి బి.బి.సి. జూన్‌ 21వ తేదీని, అంటే దక్షిణార్ధగోళపు నడిచలికాలాన్ని పురస్కరించుకొని, అంటార్కిటికాలోని బ్రిటిష్‌ కేంద్రాల కోసం ఒక ప్రత్యేక ప్రసారం చేస్తూ వచ్చింది. వినవలసినవారు ఏ కొద్దిమందో. వారి ఇంటివారి గొంతులు అందులో వినిపిస్తాయి. స్కాట్‌ హాన్సెన్‌ తల్లి సర్ది ఇచ్చిన పెట్టెకు అది గాలిలో ప్రయాణించే రూపం.

'ఫ్రామ్‌' నడిచిన బాటనే మరల పట్టినవారు ఉన్నారు. 'తారా' అనే ఫ్రెంచి నౌక 2006 సెప్టెంబరులో సైబీరియాకు ఉత్తరాన మంచులో చేరి, 2008 జనవరిలో గ్రీన్లాండు సముద్రం వైపు బయటపడింది. 'ఫ్రామ్‌'కు మూడేళ్ళకు కొంచెం తక్కువ పట్టిన దూరం ఇంచుమించు సగం కాలంలోనే గడిచిపోయింది. 2019-20లో జర్మన్‌ నౌక 'పోలార్‌ష్టెర్న్‌' అనేక దేశాల శాస్త్రజ్ఞులతో అట్లే మంచులో కొట్టుకుపోతూ క్రిస్మస్‌ జరుపుకున్నది. ఆర్కిటిక్‌ మంచు పలుచనై వేగం పుంజుకున్నదని ఈ యాత్రలు తెలిపాయి. వేగం పెరిగిందని అనడానికి పూర్వం ఎంత వేగమో తెలిసి ఉండాలి. ఆ లెక్కకు ఆధారం 1893 నుండి తేదీలవారీగా నిండిన 'ఫ్రామ్‌' పరిశీలన పుస్తకాలు. విందు జరిగిన రాత్రులలో కూడా గంట కాగానే ఎవరో ఒకరు బల్లముందునుండి లేచి, చలికోటు తొడుక్కొని, లాంతరు పట్టుకొని ఉష్ణమాపకం చూడడానికి డెక్కు మీదికి వెళ్ళవలసివచ్చేది. అంకె వ్రాసుకొని మరల వచ్చి పండుగలో కూర్చునేవారు.